వెలికితీసిన వెలుగు, కల్పించిన వెలుగు

పాశ్చాత్య దేశాలలో పుట్టిన కళకు అక్కడివారు పెట్టిన పేరు ఫోటోగ్రఫీ. గ్రీకు మాటలతో కూర్చిన ఆ పేరుకు ‘వెలుగుతో వ్రాయుట’ అని అర్థం. మన తెలుగువారు దానినే ఛాయాచిత్రకళ అన్నారు. ఛాయ అనగానే మొదట స్ఫురించేది నీడ. ఉర్దూలో అక్కాసీ అన్నారు; అక్స్ అనగా ప్రతిబింబం. ఒకరు వెలుగును పట్టుకున్నారు, ఒకరు నీడను పట్టుకున్నారు, మరొకరు ప్రతిబింబాన్ని పట్టుకున్నారు. రెండు భాషలకూ చోటిచ్చే ఈ వార్షిక సంచికలో ఈ మూడు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూడడం ఉచితమని మాకు తోచింది. ఎందుకనగా మేమిక్కడ చర్చింపబోయే సమస్య వాటి చుట్టూ తిరిగేదే. తీసిన చిత్రం ఒక్కటే ఉన్నది. అందులో కొంత భాగం నీడలో మునిగి నల్లబడినది, కొంత భాగం ఎండకు వెలవెలబోయి తెల్లబడినది. ఆ ఒక్క చిత్రం నుండే, కన్ను చూసినంత వెలుగునూ నీడనూ మరల రాబట్టవచ్చునా? రాబట్టవచ్చునంటే ఎంతవరకు? ఈ పనినే నేడు హెచ్.డి.ఆర్. అనే మూడు పొడి అక్షరాలతో వ్యవహరిస్తున్నారు. హై డైనమిక్ రేంజ్, అనగా మిక్కిలి వెలుగు నుండి మిక్కిలి చీకటి వరకు గల విస్తారమైన పరిధి.

ఈ ప్రశ్న మాకు పుస్తకాలలో ఎదురైనది కాదు. మా విద్యార్థులలో పలువురి ఇండ్లు తాండూరు, బషీరాబాదు ప్రాంతాల నాపరాతి గనులపై ఆధారపడి బ్రతికేవి. గత విద్యాసంవత్సరంలో అటువంటి ఇంటి పిల్లవాడొకడు సెల్‌ఫోను చేతపట్టుకొని మా గదికి వచ్చినాడు. అతని తండ్రి గనిలో బండలు తీసేవాడు; రెండేండ్ల క్రితం జబ్బుచేసి మరణించినాడు. ఆధార్ కార్డు మీది తపాలా బిళ్ళంత బొమ్మను మినహాయిస్తే ఆ ఇంట్లో ఆయన చిత్రం ఒక్కటే మిగిలింది. వేసవి మధ్యాహ్నం గనిలో తోటి కూలీ ఒకడు సరదాకు తీసినది. వెనుక ఎండలో మెరిసే రాతి గోడ, కాళ్ళ క్రింద తెల్లని రాతిపొడి, తలకు చుట్టిన తువ్వాల. ఆ తువ్వాల నీడ ముఖంపై పడినది. చిత్రంలో రాయి కనిపిస్తున్నది, మనిషి కనిపించడం లేదు.

పిల్లవాడు దానిని ఒక ఫోటో దుకాణంలో ఇచ్చినాడు. వారు కంప్యూటరులో వేసి, హెచ్.డి.ఆర్. చేసినామని చెప్పి, పెద్దదిగా అచ్చువేసి చట్రం కట్టి ఇచ్చినారు. ముఖం కాంతివంతంగా వచ్చినది. కనుబొమలు, మీసపు వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. వెలవెలబోయిన ఆకాశంలో మబ్బులు కూడ వెలిసినవి. ఇంటికి తీసుకొనిపోగా తల్లి చాలాసేపు చూసి, “ఈ కండ్లు మీ నాయనవి గావు బిడ్డా” అన్నదట. “తప్పెక్కడ జరిగింది సార్?” అని అతడు మమ్ములను అడిగినాడు. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ మేము తెలుసుకొన్న సంగతులనే, ఆ పిల్లవాని వంటి ఇతరులకు ఉపయోగపడునన్న ఆశతో, ఇక్కడ వివరిస్తున్నాము.

మొదట వెలుగు లెక్క చూద్దాము. మండు వేసవి మధ్యాహ్నం మన నేలపై పడే వెలుగు సుమారు 1,00,000 లక్సులు. అదే వేళ మన ఇంటి లోపలి గదిలో ఉండే వెలుగు 100, 200 లక్సులకు మించదు. గడపకు ఆవల, ఈవల వెలుగులో 500 నుండి 1,000 రెట్ల భేదమున్నదన్నమాట. అయినను గడపలో నిలిచిన మనిషిని మనము చూడగలుగుతున్నాము, బయటి వీధినీ చూడగలుగుతున్నాము. కన్ను ఒక్కచోట నిలువదు. వీధిని చూసినప్పుడు కనుపాప ముడుచుకొంటుంది. లోపలికి చూసినప్పుడు విచ్చుకొంటుంది. మెదడు ఆ చూపులన్నిటినీ కలిపి ఒక దృశ్యంగా కూర్చుకొంటుంది. కెమెరాకు ఈ వెసులుబాటు లేదు. అది ఒక్క రెప్పపాటులో, ఒకే కొలతతో, వీధినీ గదినీ కలిపి వ్రాసుకోవలసి ఉన్నది. దానికి తోడు, అచ్చువేసే కాగితానిది మరీ ఇరుకైన ప్రపంచం. నిగనిగలాడే మంచి కాగితంపై కూడ అచ్చమైన తెలుపునకు, చిక్కని నలుపునకు మధ్య భేదం నూరు రెట్ల ప్రాంతంలోనే ఉంటుంది.

నేటి కెమెరాలో వెలుగును పట్టే సెన్సరు మీద లక్షలాది బిందువులుంటవి. ఒక్కొక్క బిందువును వానలో పెట్టిన చిన్న కుండగా భావించుకోవచ్చు. ఎండ తగిలిన చోటి కుండ క్షణంలో నిండిపోతుంది. ఆ తరువాత ఎంత వాన పడినా పొరలిపోవడమే. కుండ నిండినదన్న సంగతి మాత్రమే మనకు మిగులుతుంది. పొరలినది చెంబెడో బిందెడో ఎవరూ చెప్పలేరు. నీడలో ఉన్న కుండ సంగతి వేరు. అందులో అడుగున రెండు చుక్కలైనా ఉంటవి. సామాన్యమైన చిత్రపు ఫైలులో ఈ కుండల లెక్కను 0 నుండి 255 వరకు గల అంకెలతో వ్రాస్తారు. 255 అనగా నిండినది. ఒక చోట మూడు రంగుల అంకెలూ 255కు చేరినవంటే, అక్కడ మబ్బు ఉండెనో, రాతి చార ఉండెనో ఆ ఫైలుకు తెలియదు. కాని 20, 30 అంకెల వద్ద నల్లగా కనిపించే చోట, కంటికి తోచకపోయినా, కొంత సమాచారం దాగి ఉంటుంది.

దాగి ఉన్నంత మాత్రాన అది అంత శుభ్రంగా ఉండదు. వెలుగు కణాల రూపంలో వచ్చి పడుతుంది. ఆ పడడంలో ఒక ఎగుడుదిగుడు సహజంగానే ఉన్నది. సగటున 10,000 కణాలు పడే చోట ఆ ఎగుడుదిగుడు సుమారు 100, అనగా నూటికి ఒకటి. 100 కణాలు మాత్రమే పడే చోట అది సుమారు 10, అనగా నూటికి పది. అందువల్లనే నీడను పైకి లేపినప్పుడు చిత్రంలో ఇసుక చల్లినట్లు గరుకుదనం కనిపిస్తుంది. అది యంత్రం చెడిపోవడం వలన కలిగే దోషం కాదు. అక్కడ వెలుగు తక్కువగా పడినదనడానికి అది సాక్ష్యం.

ఈ చిక్కును పెద్దలు మొదటి నుండీ ఎరుగుదురు. 1856-57 ప్రాంతంలో ఫ్రాన్సు దేశస్థుడైన గుస్తావ్ లె గ్రే కొన్ని సముద్ర దృశ్యాల కొరకు ఆకాశానికొక నెగటివు, నీటికొక నెగటివు వాడి, రెండింటినీ ఒకే కాగితంపై అచ్చొత్తినాడు. ఆనాటి గాజు పలకలకు నీలి వెలుగంటే మోజు ఎక్కువ. నీటికి తగిన వెలుగునిస్తే ఆకాశం వెలవెలబోయేది. ఇదే మార్గాన్ని కంప్యూటరు యుగంలో 1995లో స్టీవ్ మాన్, రోజలిండ్ పికార్డ్ లెక్కలతో చూపినారు. 1997లో పాల్ డెబెవెక్, మన దేశంలో పుట్టి బర్క్‌లీలో ఆచార్యులైన జితేంద్ర మాలిక్ కలిసి, వేరువేరు ఎక్స్‌పోజర్లలో తీసిన చిత్రాల నుండి అసలు వెలుగు కొలతను రాబట్టే పద్ధతిని ప్రకటించినారు. 2010 నుండి ఐఫోనులో హెచ్.డి.ఆర్. సదుపాయం వచ్చినది, నేటి ఫోనులలో అనేకం ఒక్కసారి మీట నొక్కగానే పలు చిత్రాలు తీసి కలిపివేస్తున్నవి. ఇదంతా ఒకటికి మించిన చిత్రాలతో చేసే పని. ఎండకు ఒక చిత్రం, నీడకు మరొక చిత్రం. కాని మరణించినవారిని మరల గనిలో నిలబెట్టి రెండవ చిత్రం తీయలేము గదా! అందువల్ల ఒకే చిత్రంతో చేసే ప్రయత్నం వినోదం కొరకు మాత్రమే కాదు. కొందరికి మిగిలిన దారి అదొక్కటే.

ఆ దారి కూడ పాతదే. చీకటిగదిలో పనిచేసిన తరంవారు దీనిని చేతులతో చేసేవారు. ఎన్లార్జరు క్రింద కాగితం పెట్టి, నల్లబడే ముఖంపై వెలుగు తక్కువగా పడేట్లు అట్టముక్కనో అరచేతినో అడ్డుపెట్టేవారు. వెలవెలబోయే ఆకాశం మీద మరికొన్ని క్షణాలు వెలుగు పడనిచ్చేవారు. ఒకే నెగటివు, అచ్చులో మాత్రం రెండు మూడు కొలతలు. నెగటివులో ఉన్నంత పరిధి కాగితానికి లేదు గనుక ఈ నేర్పు అవసరమైనది.

ఈ విషయంలో మనకు దూరదేశాల ఉదాహరణ అక్కరలేదు, హైదరాబాదే చాలును. రాజా దీన్ దయాళ్ (1844–1905) ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు. 1894లో ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ అనే బిరుదు లభించినది. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. సికిందరాబాదులో ఆయన స్టూడియో ఉండేది. పరదా పాటించే స్త్రీల కొరకు 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించినాడు. ఆయన గాజు నెగటివులు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నవి. ఆ కాలపు ఆల్బుమెన్ కాగితంలో ఒక విశేషమున్నది. గాజు పలకను కాగితానికి ఆనించి ఎండలో పెడితే, ముందుగా నల్లబడిన భాగం తన నలుపుతోనే తనకు గొడుగు పట్టుకొనేది. ఆ పైన వెలుగు అంతగా సోకనిచ్చేది కాదు. ఈలోగా తక్కిన భాగాలు నెమ్మదిగా తేలేవి. నేడు కంప్యూటరుచే చేయించే సర్దుబాటును కొంతవరకు ఆ కాగితమే స్వయంగా చేసేదన్నమాట. ఎంత చేసినా, గాజు పలక మీద వెలుగు వ్రాయని దానిని ఆ కాగితం వ్రాయలేదు. మేమందరి దృష్టికి తీసుకొని రాదలచిన అంశం ఇదే.

ఇక కంప్యూటరు చేసే పనికి వద్దాము. దానిని మూడు విధాలుగా విభజించి చెప్పవచ్చును.

మొదటిది అంకెల సర్దుబాటు. నీడలోని అంకెలను పైకి జరిపి, వెలుగులోని అంకెలను క్రిందికి ఒత్తి, మధ్యవాటికి హాని కలుగకుండా చూడడం. చిత్రమంతటికీ ఒకే కొలత వాడవచ్చు. లేదా చుట్టుప్రక్కల వెలుగును బట్టి చోటుచోటుకూ కొలత మార్చవచ్చు. 2002లో ఎరిక్ రైన్‌హార్డ్ బృందమూ, ఫ్రెడో డ్యురాండ్, జూలీ డార్సీ జంటా ప్రకటించిన పద్ధతులు ఇందులో ప్రసిద్ధమైనవి. మితిమీరితే మనిషి చుట్టూ వెలుగు అంచు తేలుతుంది. చెట్లు, గోడలు, ముఖాలు అన్నీ ఇత్తడి పాత్రల వలె మెరుస్తవి. మితంగా చేస్తే ఇది చీకటిగదిలో అట్టముక్క అడ్డుపెట్టినటువంటి పనియే. ఉన్నదానిని చూపుతుంది.

రెండవది, ఒకే చిత్రం నుండి మూడు ప్రతులు తీసే యుక్తి. ఒకదానిని మసకగా, ఒకదానిని ఉన్నదున్నట్లు, ఒకదానిని కాంతివంతంగా తయారుచేసి, మూడు వేరు చిత్రాలైనట్లు మరల కలుపుతారు. యువకులు దీనినే అసలైన హెచ్.డి.ఆర్. అనుకొంటున్నారు. ఒకే కుండలోని నీటిని మూడు చెంబులలో పోసి తిరిగి కుండలో పోస్తే నీరు పెరుగునా? సెన్సరు పట్టిన లెక్కను వడపోయకుండా దాచే ముడి ఫైలు, అనగా రా ఫైలు, చేతిలో ఉంటే కొంత మేలున్నది. అందులో 256కు బదులు 4,096 గాని 16,384 గాని మెట్లుంటవి గనుక నీడ నుండి ఎక్కువ తీయవచ్చు. ఆ లాభం ముడి ఫైలు వలన వచ్చినది, మూడు ప్రతుల వలన వచ్చినది కాదు. ఈ యుక్తిలో మోసమేమీ లేదు. పేరు మాత్రం దాని స్థాయికి మించినది.

మూడవది ఊహ. 2017లో స్వీడన్ దేశపు లింషోపింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన గాబ్రియేల్ ఐలర్ట్‌సెన్ బృందం, అనేక చిత్రాలను చూపి కంప్యూటరుకు శిక్షణనిచ్చి, ఒకే చిత్రంలో వెలవెలబోయిన భాగాలను పూరించే పద్ధతిని ప్రకటించినది. ఇటువంటి చోట ఇటువంటి వెలుగు ఉండడం సహజమని యంత్రం అంచనా వేస్తుంది. ఆ పరిశోధకులు చేసినది గౌరవనీయమైన శాస్త్రీయ కృషి. తాము చేస్తున్నది అంచనా అని వారికి తెలుసు. అటు తరువాత వచ్చిన సాధనాలు వెలుగుతో ఆగక, కండ్లు, పెదవులు, మబ్బులు కూడ అంచనా వేసి అతికిస్తున్నవి. మా విద్యార్థి తండ్రి ముఖానికి జరిగినది ఇదే. తల్లి చెప్పినది అక్షరాలా సత్యం. ఆ కండ్లు ఎక్కడెక్కడివో వేల ముఖాల సగటు నుండి వచ్చిన కండ్లు.

మేము మా భౌతికశాస్త్ర అధ్యాపక మిత్రుని సహాయం కోరినాము. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “అసలు ఫైలు ఎక్కడ?” అని. దుకాణానికి వెళ్ళినది చేతులు మారి సందేశాల ద్వారా వచ్చిన ప్రతి. ప్రతిసారి పంపినప్పుడల్లా కుదించుకొనిపోయినది. అదృష్టవశాత్తు ఆ చిత్రం తీసిన కూలీ పాత ఫోను మెమొరీ కార్డులో మొదటి ఫైలు భద్రంగా ఉన్నది. దానిని తెరచి చూడగా ముఖం మీది అంకెలు చాలావరకు 10కి, 45కి మధ్య ఉన్నవి; వెనుకటి రాతి గోడ చాలాచోట్ల 255 వద్ద ఆగిపోయినది. మిత్రుడు గోడను ముట్టుకోలేదు. ముఖం మీది అంకెలను మాత్రం కొద్దికొద్దిగా పైకి జరుపుతూ, గరుకుదనం మరీ పెరిగినచోట ఆగుతూ, గంటకు పైగా శ్రమించినాడు. వచ్చిన చిత్రం అందంగా లేదు. ఇసుక చల్లినట్లున్నది. మీసం వెంట్రుకలు లెక్కపెట్టలేము. ఒక కన్ను సగం నీడలోనే ఉండిపోయినది. చిన్న సైజులో అచ్చువేసి ఇచ్చినాము. మరునాడు పిల్లవాడు వచ్చి, “అమ్మ దీన్నే ఉంచుకున్నది సార్” అని మాత్రం చెప్పినాడు.

ఇంతకును మా అభిప్రాయమేమి? ఒకే చిత్రం నుండి వెలుగు పరిధిని పెంచే విద్యను మేము మనసారా ఆహ్వానిస్తున్నాము. నల్లని నేపథ్యంలో కలిసిపోయిన తల్లుల ముఖాలు, ఎండలో రాళ్ళెత్తిన తండ్రుల ముఖాలు మన ఇండ్లలోని చిత్రాలలో ఎన్నో మునిగి ఉన్నవి. వాటిని పైకి తేవడం పుణ్యకార్యం. కాని వెలికితీయుట వేరు, కల్పించుట వేరు. నీడలో ఉన్నది వెలికి వస్తుంది. పొరలిపోయినది తిరిగి రాదు. తిరిగి వచ్చినట్లు కనిపించినదంతా ఎవరో నింపినదే.

కొందరు మమ్ములను ప్రశ్నింపవచ్చును: “ఇంట్లో గోడకు తగిలించుకొనే బొమ్మకు ఇంత పట్టింపేల? పూర్వం స్టూడియోలలో నలుపు తెలుపు చిత్రాలకు కుంచెతో రంగులు అద్దలేదా? బుగ్గలకు ఎరుపు పూయలేదా?” నిజమే. ఆ రంగుల చిత్రాలను మేమూ ప్రేమిస్తాము. అయితే బుగ్గ మీది ఎరుపు కుంచె పని అని చూసిన ప్రతివారికీ తెలిసేది. కుంచె తన గుర్తు దాచుకోలేదు. నేటి యంత్రం తన గుర్తు దాచుకొంటున్నది. నింపిన కన్ను అసలు కన్ను కంటె స్పష్టంగా ఉన్నది! స్పష్టతను చూసి సత్యమని నమ్మే స్వభావం మనలో అందరికీ ఉన్నది. ఈనాడు ఇంటి బొమ్మలో చెల్లినది రేపు వార్తాచిత్రంలో చెల్లుతుంది, గనిలో ప్రమాదం జరిగినప్పుడు తీసిన చిత్రంలో చెల్లుతుంది, న్యాయస్థానంలో చూపే సాక్ష్యంలోనూ చెల్లుతుంది. మరికొంత కాలానికి ఆ ఇంటి మనుమలు ఆ కల్పిత ముఖాన్నే తమ తాత ముఖమనుకొంటారు. కాదని చెప్పగల తల్లి అప్పటికి ఉండదు.

కావున మా విద్యార్థులకు కొన్ని సూచనలు చేయదలచినాము. మొదటి ఫైలును, మొదటి అచ్చును, మొదటి నెగటివును ఎన్నడూ పారవేయవద్దు. సర్దుబాటు ఏదైనా ప్రతి మీదనే చేయండి. చిత్రం తీసేటప్పుడు ఎండ తగిలే భాగం వెలవెలబోకుండా చూడండి. నెగటివు ఫిల్ము వాడిన కాలంలో నీడకు తగినంత వెలుగునివ్వమని గురువులు చెప్పేవారు; నేటి సెన్సరుకు ఆ సూత్రం తలక్రిందులైనది, ఎండను కాపాడుకొంటే నీడను తరువాత కొంత లేపుకోవచ్చును. ముఖ్యమైన మనుషులను మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టక, ఉదయమో సాయంకాలమో వేపచెట్టు నీడన కూర్చోబెట్టండి. ఏ యంత్రమూ చేయలేని మేలు ఆ చెట్టు చేస్తుంది. ఎక్కడైనా యంత్రంచేత నింపించినట్లయితే, ‘కొంత భాగం కల్పితం’ అని చిత్రం వెనుక వ్రాయండి. అది సిగ్గుపడవలసిన మాట కాదు.

కళాశాలవారికి కూడ ఒక మనవి. మన వార్షికోత్సవాలలో తీసే సామూహిక చిత్రాలలో తెల్లని దుస్తులు మెరుస్తున్నవి, వెనుక వరుసలోని ముఖాలు నల్లబడుతున్నవి. అచ్చువేసినవి పంచిన తరువాత అసలు ఫైళ్ళు ఎవరి ఫోనులో ఉన్నవో తెలియకుండా పోతున్నది. గ్రంథాలయంలో ఒక బీరువా, ఒక హార్డ్ డిస్కు కేటాయించి, ప్రతి సంవత్సరపు అసలు ఫైళ్ళనూ, వరుసవారీ పేర్ల పట్టికనూ భద్రపరచవలెను. ఆ వెనుక వరుసలోని ముఖమే ముందు ముందు ఒక ఇంటికి మిగిలే ఒక్క చిత్రం కావచ్చును.

ఆ విద్యార్థి ఈ ఏడు డిగ్రీ ముగించి వెళ్ళినాడు. దుకాణంలో కట్టించిన పెద్ద చట్రాన్ని ఏమి చేసినావని అడిగినాము. బొమ్మ తీసివేసి, అందులో మధ్యన చిన్న చిత్రం అతికించి తగిలించినామని చెప్పినాడు. చుట్టూ ఖాళీ చాలా మిగిలినదట.